సైన్యం లేకపోవడం వల్లేనా కోస్టారికా ఇన్నాళ్ళు నిలబడింది? మా బావతో పేచీ

బందరులడ్డు
మొన్న ఆదివారం బావ వాళ్ళింటికి భోజనానికి వెళ్ళా. చేపల పులుసు దాకా అంతా బాగానే నడిచింది. టీవీలో ఏదో దేశంలో సైన్యం గద్దెనెక్కిందని వార్త వచ్చేసరికి బావ మొదలెట్టాడు. "సైన్యం ఉన్న చోటే ఈ గొడవలన్నీ. కోస్టారికా చూడు, మధ్య అమెరికాలో చిన్న దేశం, 1948లో సైన్యాన్నే ఎత్తేశారు. చుట్టూ నికరాగువా, హోండురాస్, గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్ తగలబడినా వాళ్ళు మాత్రం నాలుగేళ్ళకోసారి ఓటేసుకుని హాయిగా ఉన్నారు" అన్నాడు. నాకెందుకో అది మరీ సులువైన లెక్క అనిపించింది. ఎదురు చెప్పడానికి మాత్రం ఒక్క పాయింటూ తట్టలేదు. అక్క ముందు పరువు పోయింది.

పైగా 2026 ఫిబ్రవరిలో అక్కడ ఎన్నికలయ్యాక ఆ దేశం కూడా, అధికారమంతా ఒక్కడి చేతుల్లోకి పోయిన ఎల్ సాల్వడార్ దారి పడుతోందని ఎక్కడో చదివా. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. వచ్చే ఆదివారం మళ్ళీ రమ్మన్నాడు.

ఊరికే_చదువుతా
రమ్మన్నది పులుసుకా, రెండో రౌండుకా?

అరటిగెల
మీ బావని ఒక్క మాట అడగండి. హైతీ సంగతేంటి? 1995లో అక్కడా సైన్యాన్ని రద్దు చేశారు. ఇప్పుడు రాజధానిలో చాలా భాగం ముఠాల చేతుల్లో ఉంది. పనామా కూడా 1990లో, అమెరికా దాడి అయ్యాక, సైన్యాన్ని ఎత్తేసింది. అది బాగానే నిలబడింది. ఒకే మందు ఒకడికి పడింది, ఇంకొకడికి వికటించింది. అలాంటప్పుడు గుణమంతా మందుదే అంటే ఎలా?

పాలిటీ_మాస్టారు
అరటిగెల సరైన చోట పట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ళు పౌరశాస్త్రం చెప్పినవాణ్ణి, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

1948లో అక్కడ జరిగిన అంతర్యుద్ధం సైన్యం గురించి వచ్చింది కాదు, ఓట్ల లెక్క గురించి వచ్చింది. ఆ ఫిబ్రవరి ఎన్నికల్లో మాజీ అధ్యక్షుడు కాల్దెరోన్ గార్దియా మీద ఓతిలియో ఊలాతే అనే పత్రికాధిపతి గెలిచాడని ఎన్నికల సంఘం చెప్పింది. ఈలోపే బ్యాలెట్ పత్రాలు దాచిన బాలికల పాఠశాలలో మంటలు లేచి కొన్ని కాలిపోయాయి. నువ్వు తగలబెట్టావంటే నువ్వు తగలబెట్టావని రెండు పక్షాలూ తిట్టుకున్నాయి. పార్లమెంటులో బలం కాల్దెరోన్ వాళ్ళది. మార్చి 1న ఆ ఎన్నికే చెల్లదని తీర్మానం చేసేశారు. అప్పుడు హోసే ఫిగేరెస్ అనే ఎస్టేటు యజమాని, జనం డోన్ పెపె అని పిలిచేవారు, లా లూచా అనే తన తోట నుంచే తిరుగుబాటు లేవదీశాడు. 44 రోజుల యుద్ధం, దాదాపు 2 వేల మంది చనిపోయారు.

ఇక్కడే అసలు విశేషం. గెలిచినవాడు 18 నెలలు పాలించి, 1949 నవంబరులో అధికారాన్ని ఊలాతేకి అప్పగించి పక్కకు జరిగాడు. ఊలాతే అతని మనిషేం కాదు, ఇద్దరికీ పెద్దగా పడేది కూడా కాదు. ఓట్లు అతనివి కాబట్టి కుర్చీ అతనిది. అంతే.

వాళ్ళ రాజ్యాంగం 1949 నవంబరు 7న ఆమోదం పొందింది. మనది అదే నెల 26న. పందొమ్మిది రోజులు తేడా, ఒక రకంగా కవల పిల్లలే. శాశ్వత సైన్యం ఉండకూడదనేది దాంట్లో 12వ అధికరణం. కానీ మీ బావకి చూపించాల్సింది అది కాదు, సుప్రీం ఎన్నికల ట్రిబ్యునల్ గురించిన భాగం. దాని సభ్యుల్ని అధ్యక్షుడు వేయడు, పార్లమెంటు వేయదు, సుప్రీంకోర్టు ఎన్నుకుంటుంది. ఎన్నికల ప్రకటన వచ్చిన రోజు నుంచి పోలీసులు ట్రిబ్యునల్ చెప్పినట్టు నడుచుకోవాలి. గుర్తింపు కార్డులు ఇచ్చేదీ, జనన మరణాలు రాసేదీ కూడా అదే సంస్థ. పద్దెనిమిదేళ్ళు నిండినవాడి పేరు దానంతటదే జాబితాకి ఎక్కుతుంది. ఎక్కడ దెబ్బ తిన్నారో అక్కడే గోడ కట్టుకున్నారు.

నైట్_షిఫ్ట్
ఎన్నికల కమిషనర్లని ఎవరు వేయాలన్న ప్రశ్న ఎక్కడో విన్నట్టుందే...

ఊరికే_చదువుతా
బ్రో వద్దు. మన పాలిటిక్స్ తీస్తే మోడరేటర్ థ్రెడ్‌కి తాళం వేస్తాడు. పోయిన నెల ఉగాది పచ్చడి థ్రెడ్‌కే వేశాడు.

ఎరెడియా_రాజు
మాస్టారు పుస్తకం చెప్పారు, నేను కళ్ళారా చూసింది చెప్తా. ప్రాజెక్టు మీద రెండున్నరేళ్ళు ఎరెడియాలో ఉన్నా, సాన్ హోసే పక్కనే. 2018 ఎన్నికలు అక్కడే చూశా.

ఫిబ్రవరి, ఆదివారం, వానల్లేని కాలం. పొద్దున్నే కార్ల హారన్లు. ఏదో గొడవనుకుని భయపడి కిటికీ మూశా. తీరా చూస్తే ప్రతి కారుకీ ఓ పార్టీ జెండా, ఎదురెదురు పార్టీల వాళ్ళు ఒకరిని చూసి ఒకరు హారన్ కొట్టి నవ్వుకుంటున్నారు. మా ఇంటి ఓనరు, ఎనభై దాటిన పెద్దావిడ, మేము డోన్యా అనేవాళ్ళం, గేటుకి ఆకుపచ్చ తెలుపు జెండా కట్టింది. అది లిబెరాసియోన్ పార్టీది, డోన్ పెపె పెట్టిన పార్టీ. అదే గేటుకి రెండో పక్క ఆవిడ కొడుకు పసుపు ఎరుపు జెండా కట్టాడు. ఒకే గేటు! ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని స్కూల్లో పోలింగు గదికి తీసుకెళ్ళింది ఎవరో తెలుసా, పార్టీ టీ షర్టు వేసుకున్న పన్నెండేళ్ళ పిల్ల. ఏ గదిలో ఓటు ఉందో చూపించే డ్యూటీ పిల్లలదే. సాన్ హోసేలో పాత జైలుని పిల్లల మ్యూజియం చేశారు, ఆ రోజు అక్కడ పిల్లలు ఉత్తుత్తి ఓట్లు కూడా వేస్తారు.

సాయంత్రం ఆరింటికి పోలింగు ముగిస్తే, రాత్రి అన్నం తినేలోపు ఫలితాలు టీవీలో మొదలయ్యాయి. డోన్యా పార్టీ మూడో స్థానం. ఆవిడ లేచి వెళ్ళి జెండా విప్పి, మడతపెట్టి అలమరలో పెట్టేసింది. ఏప్రిల్ 1న రెండో రౌండు వచ్చింది, ఈస్టరు రోజు. ఆవిడ వెళ్ళి ఓటేసి వచ్చింది కానీ గేటుకి మాత్రం ఏ జెండా కట్టలేదు.

బందరులడ్డు
రాజుగారూ, రెండో రౌండు ఎందుకొచ్చింది? సగం దాటాలా?

ఎరెడియా_రాజు
సగం అక్కర్లేదు, 40 శాతం చాలు. అది కూడా రాకపోతే మొదటి ఇద్దరికీ మళ్ళీ పోటీ. 2014లో ఒక తమాషా జరిగింది. రెండో రౌండుకి వచ్చిన అభ్యర్థి ఓడిపోతానని సర్వేలు చూసి ప్రచారమే ఆపేశాడు. కానీ రాజ్యాంగం ప్రకారం తప్పుకోవడానికి వీల్లేదు. పేరు బ్యాలెట్ మీద అలాగే ఉంది. అవతలి లూయిస్ గిల్యెర్మో సోలిస్‌కి 77 శాతం పైనే వచ్చాయి.

అల్లం_టీ
అందరూ కలిసి పటం కట్టి దండ వేసేలా ఉన్నారు, నేను కాస్త చెడగొడతా.

డోన్ పెపె రద్దు చేసింది ఎవరి సైన్యం? ఓడిపోయినవాళ్ళది. రేపు అదే తన మీదకి తిరుగుతుందని తెలిసినవాడికి దాన్ని ఎత్తేయడం ఆదర్శమే కాదు, తెలివి కూడా. 1948 డిసెంబరు 1న బెల్లావిస్తా కోట గోడ మీద సుత్తితో కొట్టి ఫొటో దిగాడు, ఇప్పుడది నేషనల్ మ్యూజియం, బాగుంది. అదే డిసెంబరులో లిమోన్ అనే రేవు పట్టణం దగ్గర, దెయ్యం మోచేయి అని పిలిచే రైలు మలుపు వద్ద, ఓడిన పక్షానికి చెందిన ఆరుగురు ఖైదీలని కాల్చి చంపారు. దాని గురించి ఏ టూరిస్టు గైడూ చెప్పడు. అదే కొత్త రాజ్యాంగం కమ్యూనిస్టు పార్టీని నిషేధించింది, 1975 దాకా ఆ నిషేధం తీయలేదు.

మీ బావకి ఎదురు చెప్పడానికి పనికొచ్చే పాయింటు ఇంకోటి. సైన్యం రద్దయిన నాలుగు నెలలకే, 1949 ఏప్రిల్లో, ఫిగేరెస్ సొంత ప్రజా భద్రతా మంత్రి కార్దోనా రెండు బ్యారక్‌లు పట్టుకుని కుట్ర చేశాడు. విఫలమైంది, అది వేరే సంగతి. సైన్యం లేకపోతే కుట్రలుండవన్న మాట మొదటి ఏడాదిలోనే తేలిపోయింది.

పాలిటీ_మాస్టారు
అల్లం_టీ చెప్పినవన్నీ నిజమే, కాదనను. ఒకటి మాత్రం కలపండి. కాల్దెరోన్ 1940లలో కమ్యూనిస్టులతో, ఆర్చిబిషప్ సనాబ్రియాతో చేతులు కలిపి సామాజిక బీమా, కార్మిక చట్టం తెచ్చాడు. యుద్ధంలో గెలిచిన ఫిగేరెస్ వాటిని తుడిచేయలేదు. ఉంచాడు, పైగా బ్యాంకుల్ని జాతీయం చేశాడు. శత్రువు మనుషుల్ని తరిమాడు, శత్రువు పథకాల్ని కాదు. గెలిచినవాడు పాత ప్రభుత్వం పథకానికి పేరు మార్చడం, బోర్డు పీకడం చూసి చూసి ఉన్న మనకి ఇది వింతే.

కాఫీ_కప్పు
పేరు కూడా మార్చలేదా??

గోంగూరపచ్చడి
నాకు మరీ నచ్చింది ఏంటంటే, అక్కడ ఎమ్మెల్యేలు వరుసగా రెండోసారి నిలబడకూడదట. 57 మంది, నాలుగేళ్ళు, తర్వాత అందరూ ఇంటికే. ఇక్కడ పెడితే సగం మందికి బీపీ టాబ్లెట్లు డబుల్ చేయాలి.

ఊరికే_చదువుతా
ఇక్కడ పెడితే ఏం కాదండీ. నాలుగేళ్ళు ఆయన, నాలుగేళ్ళు వాళ్ళావిడ, నాలుగేళ్ళు అబ్బాయి. ఈలోపు ఆయన టర్న్ వచ్చేస్తుంది.

ఎరెడియా_రాజు
వారసత్వం అక్కడ లేదనుకుంటున్నారా? 1990లో అధ్యక్షుడైంది కాల్దెరోన్ కొడుకు. 1994లో గెలిచింది ఫిగేరెస్ కొడుకు. అంటే 1994 మే 8న, 44 రోజులు ఒకరినొకరు కాల్చుకున్న ఇద్దరి కొడుకుల్లో ఒకడు తన భుజం మీది అధ్యక్ష పట్టీ తీసి రెండోవాడికి అప్పగించాడు. డోన్యా ఇది చెప్పినప్పుడల్లా ఆగి కాఫీ తాగేది. ఆవిడ మేనమామ ఆ యుద్ధంలో పోయాడు.

అల్లం_టీ
ఆ కాల్దెరోన్ కొడుకే 2004లో అవినీతి కేసులో అరెస్టయ్యాడు, 2009లో శిక్ష పడింది. అదే 2004లో ఇంకో మాజీ అధ్యక్షుడు, అమెరికా ఖండ దేశాల సంస్థ ప్రధాన కార్యదర్శిగా చేరిన కొద్ది వారాలకే రాజీనామా చేసి వచ్చి అరెస్టయ్యాడు. రెండు పెద్ద పార్టీల మీదా జనానికి రోత పుట్టడం అక్కణ్ణుంచే ఊపందుకుంది. ఇప్పటి కథకి విత్తనం అదే.

గోంగూరపచ్చడి
మాజీ అధ్యక్షుల్ని లోపల వేయగలిగారంటే అది బలం కదా, రోత ఎందుకు?

అల్లం_టీ
కోర్టుకి బలం. ఓటేసినవాడికి రోత. రెండూ ఒకేసారి ఉంటాయి.

వేణు_హ్యూస్టన్
బావగారి వైపు కూడా ఒకరు ఉండాలి కాబట్టి నేనుంటా. 2009 జూన్ 28న హోండురాస్ సైనికులు తమ అధ్యక్షుడు జెలాయాని నిద్రలేపి, పైజమాలోనే విమానం ఎక్కించి దింపేశారు. ఎక్కడ దింపారు? సాన్ హోసే విమానాశ్రయంలో! సైన్యం ఉన్న దేశం, లేని దేశం, తేడా ఆ ఒక్క రన్‌వే మీద కనిపించింది. కార్దోనా కుట్ర విఫలమైందన్నారు, వెనక పెద్ద సైన్యం లేదు కాబట్టే కదా విఫలమైంది?

ఇంకోటి, సైన్యం లేకపోయినా వెనక అమెరికా ఉంది. 1955లో నికరాగువా నియంత సొమోజా అండతో కాల్దెరోన్ మనుషులు సరిహద్దు దాటి వస్తే, అమెరికా నాలుగు యుద్ధ విమానాల్ని ఒక్కోటి ఒక్క డాలరుకి అమ్మింది. ముందటేడే గ్వాటెమాలాలో ఎన్నికైన ప్రభుత్వాన్ని కూల్చిన అమెరికాయే. ఎవరి పక్క నిలబడాలో వాళ్ళ లెక్క వాళ్ళది.

కాఫీ_కప్పు
డాలరుకి యుద్ధ విమానం. మా వీధిలో పాత సైకిల్ కూడా రాదు.

అరటిగెల
వేణు గారూ, ఆ పైజమా కథకి తోక ఉంది. జెలాయాని దింపడానికి చెప్పిన సాకు, అతను మళ్ళీ పోటీ చేసేలా రాజ్యాంగం మార్చబోతున్నాడని. 2015లో అదే హోండురాస్ కోర్టు రెండోసారి పోటీకి తలుపు తెరిచింది. 2009లో నికరాగువా కోర్టు అధ్యక్షుడు ఒర్తేగా కోసం తెరిచింది. 2021లో ఎల్ సాల్వడార్ కోర్టు అధ్యక్షుడు బుకేలే కోసం తెరిచింది. వీటిల్లో ఎక్కడా ట్యాంకులు రాలేదు, జడ్జిమెంట్లు వచ్చాయి. ఈ కాలపు కుట్ర యూనిఫాం వేసుకోదు. కాబట్టి సైన్యం ఉందా లేదా అన్నది పాత ప్రశ్న.

వేణు_హ్యూస్టన్
అలాగైతే కోస్టారికా కోర్టు కూడా తెరిచింది. 1969లో అధ్యక్షుడు మళ్ళీ పోటీ చేయకూడదని చట్టసభ సవరణ తెస్తే, 2003లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. దాంతో నోబెల్ శాంతి బహుమతి పొందిన ఆస్కార్ ఆరియాస్ 2006లో మళ్ళీ అధ్యక్షుడయ్యాడు. మీ లెక్కలో అది కూడా కుట్రేనా?

అరటిగెల
మంచి ప్రశ్న. నాకూ ఆ తీర్పు నచ్చదు. కానీ మధ్యలో ఎనిమిదేళ్ళు ఆగాలన్న నియమం మిగిలింది. ఆరియాస్ నాలుగేళ్ళు చేసి దిగిపోయాడు. ఆ 2006 ఎన్నిక చూడండి, తేడా 18 వేల ఓట్లు. వారాల తరబడి చేత్తో లెక్కపెట్టారు. ఓడిన ఒత్తోన్ సోలిస్ ఒప్పుకుని ఇంటికెళ్ళాడు. 1948లో ఇదే పరిస్థితికి 2 వేల మంది చచ్చారు.

బందరులడ్డు
ఇది బాగుంది, ఇది బావకి చెప్తా. ఇంతకీ ఆ 2026 ఫిబ్రవరి సంగతి?

అల్లం_టీ
2022లో రోద్రిగో చావెస్ గెలిచాడు. వెనిజులా హ్యూగో చావెస్ కాదు, ఈయన ప్రపంచ బ్యాంకులో చేసొచ్చిన ఆర్థికవేత్త. ఆ ఏడు పోటీ చేసింది 25 మంది, పది మందిలో నలుగురు ఓటుకే వెళ్ళలేదు. వచ్చినప్పటి నుంచి పత్రికలతో, ఆడిట్ సంస్థతో, కోర్టుతో, పార్లమెంటుతో గొడవే. జనానికి అదే నచ్చింది. ఇన్నాళ్ళూ సూటు వేసుకుని మర్యాదగా మాట్లాడినవాళ్ళు ఏం చేశారు అని వాళ్ళ ప్రశ్న. రాజ్యాంగం చదువుకి జాతీయోత్పత్తిలో 8 శాతం ఇవ్వమంటుంది, ఇస్తున్నది దానికి చాలా తక్కువ. 2023లో 907 హత్యలు, ఆ దేశ చరిత్రలోనే ఎక్కువ. 50 లక్షల పైచిలుకు జనాభాకి అది లక్షకి 17. లిమోన్ రేవు మీదుగా కొకైన్ పోతుంది, దాని వాటాల గొడవలే ఎక్కువ. వరుసగా రెండోసారి చావెస్ నిలబడకూడదు కాబట్టి 2026 ఫిబ్రవరి 1న ఆయన ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసిన లారా ఫెర్నాండెస్ నిలబడి, మొదటి రౌండులోనే 40 దాటేసింది. బుకేలే తరహా పెద్ద జైలు, నేరాలున్న చోట అత్యవసర పరిస్థితి అంది.

నన్నడిగితే గోడకి బీట పడింది.

పాలిటీ_మాస్టారు
బీట ఉంది, గోడా ఉంది. రెండు అంకెలు చూడండి. 2021లో బుకేలే పార్టీకి 84 సీట్లలో 56 వచ్చాయి, సరిగ్గా మూడింట రెండు వంతులు. సభ కూర్చున్న మొదటి రోజే, మే 1న, రాజ్యాంగ న్యాయమూర్తుల్ని పీకేశారు. ఫెర్నాండెస్ పార్టీకి 57లో 31. మామూలు చట్టాలకి చాలు. రాజ్యాంగం సవరించాలన్నా, సుప్రీంకోర్టు జడ్జిని వేయాలన్నా, తీయాలన్నా 38 కావాలి. ఏడుగురు తక్కువ. ఆ 38 రెండు వైపులా కోసే కత్తే. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడిగా చావెస్‌కున్న రక్షణ తీసేసి కేసు నడపడానికి ఓటింగు పెడితే 34 వచ్చాయి, నాలుగు తగ్గి ఆయన బయటపడ్డాడు.

అల్లం_టీ
ఏడుగుర్ని కొనడం ఎంతసేపు మాస్టారూ? మనకి తెలియని విద్యా?

పాలిటీ_మాస్టారు
అది కాదనలేను.

నైట్_షిఫ్ట్
ఎవడు గెలిస్తే మామూలు మనిషికి ఏం ఒరిగిందో ఒక్కరూ చెప్పలేదు. రాజుగారూ, అక్కడ ఉన్నప్పుడు చూసింది చెప్పండి.

ఎరెడియా_రాజు
ఒకటి చెప్తా. మా ఆఫీసు క్యాంటీన్లో వంట చేసే ఆవిడ తల్లికి తుంటి ఆపరేషన్. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో రెండేళ్ళ తర్వాతి తేదీ ఇచ్చారు. ఉచితమే, కానీ రెండేళ్ళు ఆ ముసలమ్మ మంచం దిగదు. ఈవిడ ఏం చేసిందంటే, ఒక మధ్యాహ్నం బీన్స్ ఉడుకుతుంటే పక్కన కూర్చుని రూళ్ళ కాగితం మీద బాల్‌పెన్నుతో తన గోడు రాసింది. నేరుగా సాలా క్వార్తాలో ఇచ్చింది, అంటే వేణు గారు చెప్పిన ఆ రాజ్యాంగ న్యాయస్థానమే, 1989లో పెట్టారు. దీన్ని అంపారో అంటారు, మన రిట్ లాంటిది. వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు, అర్ధరాత్రి వెళ్ళినా తీసుకుంటారు. ఆసుపత్రిని జవాబు అడిగారు. తేదీ ముందుకొచ్చింది.

ఆవిడ 2018లో ఓటేయలేదు. "ఎవరొచ్చినా ఒకటే" అనేది. కానీ ఆ న్యాయస్థానాన్ని ఎవరైనా ముట్టుకుంటే ఊరుకుంటుందా అన్నది నాకు అనుమానమే. అల్లం_టీ చెప్పిన ఓటేయని ఆ నలుగురి లాంటిదే మరి ఈవిడా.

అల్లం_టీ
ఆమె తేదీ ముందుకొస్తే ఇంకొకరిది వెనక్కి పోయి ఉంటుంది. అంపారో రాయడం తెలియని వాళ్ళది. ఆ వెనక్కి పోయినవాళ్ళే చావెస్‌కి ఓటేశారని నా అనుమానం.

ఎరెడియా_రాజు
కావచ్చు. ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు.

గోంగూరపచ్చడి
రాజుగారూ, ఆ బీన్స్ అన్నం పేరేంటి? పొద్దున్నే తింటారట?

ఎరెడియా_రాజు
గాయో పింతో. రాత్రి మిగిలిన అన్నం, ఉడికించిన నల్ల బీన్స్, ఉల్లిపాయ, కొత్తిమీర. మన చద్దన్నం తాలింపుకి చుట్టం. నేను పచ్చిమిర్చి వేసుకుంటే అందరూ లేచి వచ్చి చూశారు.

బందరులడ్డు
ఆదివారం అయింది. హైతీ అనగానే బావ ముద్ద నోట్లో పెట్టుకుని నమిలే వంకతో రెండు నిమిషాలు ఆగాడు. తర్వాత "పైజమా కథ నాకు ముందే తెలుసు" అన్నాడు. ఆ పైజమా ఎవరిదని అడిగితే చెప్పలేదు. ఏడుగురు తక్కువన్న లెక్కకి మాత్రం ఫోను తీసి 57ని మూడుతో భాగించి చూసుకున్నాడు. వేణు గారి వాదన నేనే చెప్పేశా, ఆయన చెప్పకముందే. అక్క "మీ ఇద్దరూ ఆ దేశానికే పోండి" అంది.

ఈసారి పీతల కూర.

ఊరికే_చదువుతా
ఫొటో ఏది?